పాటను కొలిచిన నిశ్శబ్దం మేడం

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం జులై నెల మూడో తేదీ సోమవారం నాడు, మన వార్ధక్య పరిశోధన కేంద్రంలో ఇరవై నాలుగేళ్ళ యువతి ఒకరు సహాయ పరిశోధకురాలిగా చేరారు. అప్పట్లో కేంద్రమంటే మూతపడిన పాత ఆసుపత్రిలో పై అంతస్తు మాత్రమే. గోడలకు ఇంకా మందుల వాసన వదలలేదు. లిఫ్టు ఉండేది గాని అది కదలగా చూసినవారు లేరు. కిటికీల్లో పగిలిన అద్దాల చోట అట్టముక్కలు బిగించి ఉండేవి. ఆమె ఉద్యోగపు ఉత్తర్వు అందుకున్న గుమాస్తాగారు విభాగం పేరు చదివి, "ముసలివాళ్ళ మెదడు మీద పాటల ప్రభావమా? దీనికి జీతం కూడా ఇస్తారటమ్మా?" అని అడిగారని, "ఇచ్చినన్నాళ్ళు తీసుకుంటానండీ" అని ఆమె బదులిచ్చారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. నాటి నుండి నేటి వరకు ఇదే కేంద్రంలో పనిచేసి, అదే ప్రశ్నను పట్టుకుని, విభాగాధిపతి స్థానం వరకు ఎదిగిన ఆ విదుషీమణి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

ఈ ప్రత్యేక సంచిక కోసం సంపాదకవర్గం వారు నన్నొక అభినందన వ్యాసం కోరారు. "కాస్త ఉత్సాహంగా రాయండి సార్, చదివినవాళ్ళకి నీరసం రాకుండా" అని మన గ్రంథాలయాధికారి ప్రత్యేకంగా హెచ్చరించారు. ఆయన భయం ఆయనది. ఆమె గది పక్కనే, ప్రయోగశాలలో మూడు దశాబ్దాలు దాటి పనిచేసి, వచ్చే ఏడాది అదే గుమ్మం దాటవలసిన నాలో ఉత్సాహం వెతికితే ఏం దొరుకుతుంది? నాకు మొదటినుంచీ ఉత్సాహం కంటే ఓపిక ఎక్కువ. ఈ మధ్య ఆ ఓపిక కూడా పలచబడింది. ఉన్నంతలో రాస్తాను.

అసలు సంగతి ముందే చెప్పుకుంటే నయం. మేడంగారికి ప్రభుత్వం రెండేళ్ళ పొడిగింపు ఇస్తానంది. ఆమె వద్దన్నారు. ఆమె భర్త, నలభై ఏళ్ళు పాఠశాల పిల్లలను ఎండలో పరుగులు తీయించిన డ్రిల్లు మాస్టారు, కొంతకాలంగా మతిమరుపు వ్యాధితో ఇంట్లో ఉన్నారు. ఏ జబ్బు ముందు పాట ఎంతవరకు నిలబడగలదని ఆమె జీవితమంతా పరిశోధించారో, ఆ జబ్బు వెతుక్కుంటూ ఆమె ఇంటికే వచ్చి కూర్చుంది. ఆయనకు ఆమె ఎవరో తెలిసిన సాయంత్రాలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిని ఆఫీసుకు ఇవ్వలేనని ఆమె వెళ్ళిపోతున్నారు. ఇది ఆమె అనుమతితోనే రాస్తున్నాను. "దాచడానికేముంది సార్, వీధిలో అందరికీ తెలిసిందేగా, రాయండి" అన్నారు.

ఇక మొదటికి వస్తాను. తొలి అధ్యయనం సంగతి కొత్తగా చేరిన పిల్లలకు తెలియదు. అరవై దాటిన పెద్దలను రెండు బృందాలుగా విభజించారు. ఒక బృందం రోజూ ఒక గదిలో కూర్చుని తమ యవ్వనకాలపు పాటలు వినాలి, వీలైతే గొంతు కలపాలి. రెండో బృందం పక్కగదిలో అంతేసేపు పత్రికలు తిరగేస్తూ ఊరికే కూర్చోవాలి. ఏడాది గడిచాక రెండు బృందాల జ్ఞాపకశక్తినీ, రక్తాన్నీ, లాలాజలాన్నీ పోల్చి చూడాలి. నేను ఇక్కడ చేరింది ఆ పోల్చే సమయానికే. పోల్చి చూస్తే తేడా లేదు. పాట విన్నవారు ఎంత కుదుటపడ్డారో విననివారూ అంతే కుదుటపడ్డారు. నాటి విభాగాధిపతి తల పట్టుకున్నారు. యంత్రం తప్పా, లెక్క తప్పా అని మేమంతా మల్లగుల్లాలు పడుతుండగా, పాట లేని బృందంలోని పెద్దావిడ ఒకరు సెలవు తీసుకోవడానికి వచ్చారు.

"పత్రికల కోసం ఎవరొస్తారమ్మా. పక్కగదిలో పాటలు భలే వినబడతాయి. గోడవారగా ఉన్న కుర్చీ కోసం మాలో మాకు రోజూ తగువే" అని చెప్పి, అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

ఆ గోడ, ఆసుపత్రి రోజుల్లో ఒక వార్డును రెండుగా చీల్చడానికి నిలబెట్టిన చెక్కపలక. పైన సున్నం పూసి ఉండటంతో మా కంటికి గోడగానే కనబడింది. ఏడాది శ్రమ గాలికి పోయింది. పైఅధికారులు నీళ్ళు నమిలారు. మేడంగారు మాత్రం మర్నాడే ఆ చెక్కకు రెండువైపులా పాత పరుపులు కొట్టించారు, తలుపుల కింది సందుల్లో దుప్పట్లు కుక్కించారు, నడవా పొడవునా 'నిశ్శబ్దం' అని బోర్డులు వేలాడదీశారు. ఆ నడవాలో చెప్పులతో నడవరాదు, కుర్చీ ఈడ్వరాదు, దగ్గు వస్తే మెట్ల దాకా వెళ్ళి దగ్గి రావాలి. "పాటల మీద బతికే మనిషి మమ్మల్ని ఊపిరి కూడా పీల్చనివ్వదు" అని మా వ్యాను డ్రైవరు ఒంటికాలి మీద లేచేవాడు. ఆమెకు నిశ్శబ్దం మేడం అన్న పేరు స్థిరపడింది అతని నోటివెంటే. అదే నోటితో, పెద్దల లాలాజలాన్ని గాజుగొట్టాల్లో పట్టి పరీక్షించే నాకు ఉమ్ముల సారు అని నామకరణం చేశాడు. నా పేరు కంటే ఆమె పేరు ఎంతో మర్యాదగా ఉందని నాకెప్పుడూ కాస్త కుళ్ళు.

పాటకూ ఉమ్ముకూ ఏమిటి సంబంధమని ఈ సంచిక చదివే మన సిబ్బంది కుటుంబ సభ్యులు అడగవచ్చు. వయసు పైబడినకొద్దీ, జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం మెదడులో క్రమంగా కుంచించుకుపోతుంది. మనిషి తీరని ఆందోళనలో ఉన్నప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది; అది ఏళ్ళతరబడి ఎక్కువగా ఉంటే ఆ భాగానికి మంచిది కాదంటారు. శరీరంలో పైకి కనబడకుండా సన్నగా రగిలే వాపు కూడా దానికి తోడవుతుంది. ఇష్టమైన పాట విన్నప్పుడు, అంతకంటే ముఖ్యంగా పాడినప్పుడు, ఊపిరి నెమ్మదిస్తుంది, ఆందోళన దిగుతుంది, కార్టిసాల్ తగ్గుతుంది. ఆ తగ్గుదల ఉమ్ములో దొరుకుతుంది. వినికిడికీ కదలికకూ సంతోషానికీ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాలన్నీ ఒక్కసారి పనిలోకి దిగుతాయి. అలా పదే పదే పనిచేసిన నాడీకణాల మధ్య కొత్త అల్లికలు ఏర్పడతాయనీ, ఆ అల్లికలు ఎక్కువ ఉన్న మెదడు మరికొంత కాలం నష్టాన్ని ఓర్చుకుంటుందనీ ఒక ఆశ. ఈ వ్యాసం చిత్తుప్రతిలో నేను 'సిద్ధాంతం' అని రాస్తే, మేడంగారు కొట్టేసి 'ఆశ' అని దిద్దారు.

ఆ ఆశ వెంట ఆమె కాళ్ళరిగేలా తిరిగారు. ఎవరికి ఏ పాట ఇష్టమో ఎవరి ఇంట్లో వారిని అడిగితే తప్ప తెలియదు గనుక, అధ్యయనంలో చేరిన ప్రతి ఇంటి మెట్లూ ఎక్కారు, నన్నూ ఎక్కించారు. ఇరుకు మెట్లు, ఆరేసిన బట్టలు, లోపలి గదిలో మంచం, మంచం పక్కన మందుల సీసాలు. ఆ మంచం మీది మనిషిని, "మీరు ఇరవై ఏళ్ళ వయసులో ఏం పాడేవారండీ?" అని ఆమె అడిగితే ఎందరి ముఖాలో తేటపడటం నేను చూశాను. పదవీ విరమణ చేసిన కంపౌండరుగారు ఒకరు, తనకిష్టమైన పాట పేరు చెప్పడానికి భార్య వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగారు. ఆవిడ వంటింట్లోంచే, "ఆ పాటేగా, నాకు తెలుసులే, చెప్పు" అన్నారు. అలాంటి రోజుల్లో మేమిద్దరం వ్యానులో నవ్వుకుంటూ వచ్చేవాళ్ళం.

అన్నీ అలాంటి రోజులు కావు. మా అధ్యయనాల్లో చేరినవారందరూ వృద్ధులు. ఏటేటా కొందరు మమ్మల్ని మరిచిపోయేవారు, కొందరు లోకాన్నే విడిచేవారు. పోయినవారి ఇంటి నుండి, పాటలు వినడానికి కేంద్రం ఇచ్చిన పాటలపెట్టె తెచ్చుకోవలసిన బాధ్యత నిబంధనల ప్రకారం గుమాస్తాలది. మేడంగారు ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. ఆ ఇంటివారు కూర్చోబెట్టి చెప్పేదంతా చివరిదాకా విని, పెట్టె సంచిలో పెట్టుకుని వచ్చి, తుడిచి, మరొకరి పేరు అంటించేవారు. ఏళ్ళతరబడి ఇదే పని చేసిన మనిషికి అలసట ముఖంలో కాపురం పెట్టడంలో వింత లేదు. నిధులు ఆగిన సంవత్సరాలు వేరు, సమీక్షా సంఘాలు పెదవి విరిచిన సంవత్సరాలు వేరు. "ముసలివాళ్ళకి పాటలు వినిపించడం కూడా పరిశోధనేనా?" అని ఒక సంఘాధ్యక్షులు అడిగినప్పుడు, "వినిపించడం కాదండీ, ఆ తర్వాత ఏమవుతుందో చూడటం పరిశోధన" అని చెప్పి కూర్చున్నారామె. గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు. మా నడవాలో అది కుదరదు కూడా.

డ్రిల్లు మాస్టారిని మేము వారి పెళ్ళైన కొత్తలోనే ఎరుగుదుము. సాయంత్రం ఆమెను తీసుకువెళ్ళడానికి వచ్చి, నిశ్శబ్దం బోర్డు కింద నిలబడి, "అయ్యిందా" అని మైదానం అవతలికి వినిపించే గొంతుతో అడిగేవారు. ఆయనకు పాటలంటే ప్రాణం. శ్రుతికి మాత్రం ఆయనంటే బొత్తిగా గిట్టదు. చిన్నప్పుడు పద్ధతిగా సంగీతం నేర్చిన మేడంగారికి ఆ గానం ఎంతటి పరీక్షో ఊహించుకోవచ్చు. "మా ఇంట్లో కార్టిసాల్ ఆయనకి తగ్గుతుంది, నాకు పెరుగుతుంది సార్" అనేవారు. ఇంట్లో పాడుకోవడానికి ఆయనకు స్నానాల గది ఒక్కటే కేటాయించి ఉండేది. ఆ రోజుల్లో అది మాకు మంచి నవ్వులాట.

ఆయన మొదట దారి మరిచారు. తరువాత తారీకులు, ఆపైన మనవరాలి పేరు. మేడంగారు ఇతరుల మెదడు చిత్రాలను వేలకొద్దీ చూసిన మనిషి. భర్త మెదడు చిత్రాన్ని నా బల్ల మీద, వెనక దీపం వెలిగే పలకకు ఆనించి, కాసేపు చూసి, "ఇది వేరేవాళ్ళదైతే ఏమనేదాన్నో అదే" అన్నారు. మర్నాడు మామూలుగానే ఆఫీసుకు వచ్చారు.

సరిగ్గా ఆ కాలంలోనే మా సుదీర్ఘ అధ్యయనపు తుది నివేదిక తయారైంది. నిశ్శబ్దం బోర్డులతో సహా మేము తరలివచ్చిన, చెక్కగోడలు లేని కొత్త భవనంలో, ఎందరో పెద్దలతో, ఏళ్ళపాటు సాగిన పని అది. తేలినది ఇంత: పాట ఉన్న బృందంలో ఆందోళన తగ్గింది, నిద్ర మెరుగుపడింది, వాపు సూచికలు కొద్దిగా దిగాయి, కొందరిలో జ్ఞాపకశక్తి తరుగుదల కొంచెం నెమ్మదించింది. ఆగిపోవడం ఎవరిలోనూ జరగలేదు. నాటి సంచాలకులు నివేదిక చదివి మమ్మల్నిద్దరినీ పిలిపించారు.

"మేడం, 'నివారిస్తుంది' అని ఒక్క మాట పెడదాం. తక్కినదంతా మీ ఇష్టం."

"నివారించలేదు కదండీ."

"తగ్గించింది కదా మరి?"

"కొందరిలో. కొంచెం. అదే రాశాను."

"కొంచెం అని రాస్తే ఎవరు చదువుతారమ్మా?"

"ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవాళ్ళు చదువుతారండీ. నివారిస్తుందని రాస్తే, రోజూ పాడి పాడి, ఆ మనిషి ఇంకా మరిచిపోతుంటే, తాము సరిగా పాడలేదేమో అనుకుంటారు. ఆ బరువు వాళ్ళ నెత్తిన పెట్టలేను."

ఆ గదిలో ఆమె కాక, ఆమె ఇంట్లో అలాంటి మనిషి ఉన్నాడని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. 'నివారిస్తుంది' అన్న మాట నిజం కావాలని మా సంచాలకులకు ఎంత ఉందో, ఆమెకు అంతకు వంద రెట్లు ఉంది. గోరంతను కొండంత చేసి చూపితే అప్పుడు అడ్డుపడేవారు ఎవరూ లేరు. నివేదిక 'కొంచెం' అన్న మాటతోనే అచ్చయింది. పత్రికలవారు ఎవరూ రాలేదు. ఆమె సేవాకాలం మొత్తంలో నేను శిరస్సు వంచి నమస్కరించదలచిన సందర్భమేదని అడిగితే, అదేనంటాను.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ముచ్చట అనవచ్చో లేదో చదివినవారే నిర్ణయించాలి. జబ్బు బయటపడిన నాటి నుండి మేడంగారు రోజూ సాయంత్రం భర్త పక్కన కూర్చుని పాడించేవారు. స్నానాల గది నిషేధం రద్దయింది. ఆయన శ్రుతి తప్పి ఒక పాదం, ఆమె శ్రుతిలో ఒక పాదం, చివరికి శ్రుతితో పని లేకుండా ఇద్దరూ కలిసి. నెల తిరిగేసరికి ఆయనను కూర్చోబెట్టి, మేము అందరినీ అడిగే ప్రశ్నలే అడిగి మార్కులు వేసేవారు. మార్కులు నిలకడగా ఉన్నాయి. అవి పాట వల్ల నిలబడ్డాయా, వాటంతటవే నిలబడ్డాయా? మామూలు ఇల్లాలైతే అడగని ప్రశ్న అది. మా వృత్తిలో దీనికొక పద్ధతి ఉంది: ఇచ్చి కొలవాలి, ఆపి కొలవాలి, మళ్ళీ ఇచ్చి కొలవాలి. ఒకనాడు మేడంగారు పాట ఆపేశారు. కారణం అడుగుతారని, గొంతు బాగోలేదని ఆయనకు చెప్పారు.

తరువాతి సంగతి ఆమె నాకు టీ గదిలో చెప్పారు.

"తిన్నారో లేదో గుర్తుండదు సార్ ఆయనకి. నా గొంతు బాగోలేదన్నది మాత్రం పట్టుకున్నారు. మర్నాడు సాయంత్రం వంటింట్లో ఏదో వెతుకుతున్నారు. ఆయన ముట్టించకుండా మా అమ్మాయి పొయ్యికి తాళం వేసింది కదా, వెలగలేదు. పక్కింటికెళ్ళి, 'మా ఆవిడకి గొంతు పట్టేసింది, కాసిని వేణ్ణీళ్ళు ఇవ్వమ్మా' అని అడిగి తెచ్చారు, ఉప్పు కూడా వేయించుకుని."

"పోనీలెండి, మంచిదేగా" అన్నాను నేను.

"ఒక్కరోజైతే మంచిదే. రోజూ వెళ్ళారు. ఆ వాటా, ఈ వాటా, పై వాటా. భవనంలో అందరూ నా గొంతు గురించి అడగడమే. పై వాటా ఆవిడ ఏదో కషాయం పంపించింది. నేను మఫ్లరు చుట్టుకుని తిరగాల్సొచ్చింది. తల ప్రాణం తోకకొచ్చింది సార్."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వారు. తరువాత ఉమ్ముల సారు బుద్ధి పోనిచ్చుకోలేక అడిగాను.

"మార్కులో?"

"మారలేదు. పెరగలేదు, తరగలేదు."

"అంటే పాట వల్ల తేడా లేదనా?"

"ఏమీ తెలీదనే. పాట ఆపాను గాని, దాని బదులు రోజూ ఆయనకో పని దొరికింది, నన్ను చూసుకోవడం. ఆపిన కాలం ఆపిన కాలమే కాలేదు. ప్రయోగం చెడింది." కప్పు బల్ల మీద పెట్టి అప్పుడన్నారు: "చెడితే చెడింది. ఆయన పాడే సాయంత్రాలు ఎన్ని మిగిలాయో ఎవరికీ తెలీదు. అందులో కొన్ని వారాలు కొట్టేశాను. జబ్బు కాదు సార్, నేనే కొట్టేశాను."

బాధేసింది. మళ్ళీ మొదలుపెట్టారా అని అడిగాను.

"అదే రోజు సాయంత్రం. పాట మొదలైంది గాని, వేణ్ణీళ్ళు ఆగలేదు. ఇప్పటికీ తెస్తున్నారు. తాగుతున్నాను." లేచి కప్పు కడుక్కుంటూ, "ఇంట్లో కొలవడం మానేశాను" అన్నారు.

ఆ తరువాతి కాలంలో ఆమె ఆఫీసు బాధ్యతల్లో లోటు రానివ్వలేదు. విభాగపు అధ్యయనాలను ఒక్కొక్కటిగా ముగించారు, తన తరువాతివారికి పని నేర్పారు, పరుపులు కొట్టిన పాత చెక్కపలకలో ఒక ముక్కను కొత్త భవనపు మెట్ల దగ్గర పెట్టించి, చేరిన ప్రతివారికీ దాని కథ తానే చెప్పారు. కాని ఐదు కొట్టగానే బల్ల సర్దేవారు. పొడిగింపు ఉత్తర్వు వచ్చిన రోజున నేటి సంచాలకులు స్వయంగా ఆమె గదికి వచ్చి, ఇంట్లో మనిషిని చూసుకోవడానికి ఎవరినైనా పెట్టుకోవచ్చు కదా, ఇటువంటి అనుభవం కేంద్రానికి మళ్ళీ దొరకదు కదా అని బతిమాలారు. "ఈమధ్య కొన్ని సాయంత్రాలు ఆయన నన్ను కొత్తగా వచ్చిన సంగీతం టీచరనుకుంటున్నారండీ" అన్నారామె. "కూర్చోండి టీచర్‌గారూ అని కుర్చీ వేస్తున్నారు. తక్కిన సాయంత్రాల్లో నేను నేనే. అవి తగ్గుతున్నాయి. తగ్గడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు కదా." సంచాలకులు ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

గత వారం, రోడ్ల శాఖలో ఇంజనీరుగా ఉన్న వారి అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని మన కేంద్రానికి వచ్చింది. అమ్మ ఇన్నేళ్ళు పనిచేసిన గది ఖాళీ చేయకముందు నాన్నకు చూపించాలని ఆమె కోరిక. వారిని చూడటానికి నడవాలో మేమంతా గుమిగూడాం. డ్రిల్లు మాస్టారు ఆగి, మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏంటీ గుంపు? పొడుగువాళ్ళు వెనక, పొట్టివాళ్ళు ముందు" అన్నారు. ఆ గొంతు తగ్గలేదు. మేము వరసలో నిలబడ్డాం. నేటి సంచాలకులు పొట్టివారు కనుక ముందు నిలబడ్డారు. నిశ్శబ్దం బోర్డుల కింద అంత గట్టిగా మాట్లాడి మందలింపు తప్పించుకున్న మొదటి మనిషి ఆయనే.

గదిలో కూర్చోబెట్టాక ఆయన నా వైపు తిరిగారు.

"అబ్బాయ్, ఈవిడ ఇక్కడ ఏం చేస్తుంది?"

"పాట వల్ల ముసలితనంలో మతిమరుపు తగ్గుతుందా అని చూస్తున్నారు మాస్టారూ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాలా ఏళ్ళ నుంచి."

"తేలిందా?" అని భార్యను అడిగారు.

"కొంచెం తేలిందండీ."

"మిగతాది?"

"మిగతాది ఈ పిల్లలు చూసుకుంటారు."

"మరి నువ్వో?"

"నేను ఇంటికొచ్చేస్తున్నానండీ."

"ఇవాళా?"

"ఈ నెలాఖరు నుంచి. ఇంక ఇంట్లోనే ఉంటాను."

"రోజూనా?"

"రోజూ."

ఆయన తలూపి, తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలారు. కాసేపటికి అమ్మాయి చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ, వెనక వస్తున్న భార్యవైపు తిరిగి, "నువ్వు రేపు ఆఫీసుకెళ్ళాలేమో కదా?" అని మళ్ళీ అడిగారు. ఆమె ఒక మెట్టు కిందికి దిగి ఆయనతో సమానంగా నిలబడి, నెలాఖరు నుంచి ఇంట్లోనే ఉంటానని మళ్ళీ చెప్పారు. ఆయన మళ్ళీ "రోజూనా?" అన్నారు, అప్పుడే విన్నంత సంబరంగా. "రోజూ" అన్నారామె. గేటు దాకా వెళ్ళేలోపు ఇది ఇంకోసారి జరిగింది.

ఇటువంటి వ్యాసాల చివర ఆయురారోగ్యాలు కోరడం సంప్రదాయం. దీర్ఘాయుష్షు ఎలా ఉంటుందో ఏళ్ళకేళ్ళు దగ్గరగా చూసినవాళ్ళం కనుక, ఆ మాట తేలిగ్గా రాయడానికి నాకు చెయ్యి రాదు. అయినా రాస్తున్నాను, ఈసారి అది అవసరమైన కోరిక కనుక. మెట్లు ఎక్కి దిగే మోకాళ్ళను, అర్ధాంతరంగా అలసిపోని ఒంటిని, తలొగ్గని మనసును మేడంగారు చాలాకాలం నిలుపుకోవాలి. డ్రిల్లు మాస్టారి కంటే ఒక్కరోజైనా ఎక్కువగా బతకాలి. ఆయన రోజూ మరిచిపోయి రోజూ అదే అడిగినా, ఆమె పక్కనే ఉండి రోజూ అదే జవాబు చెప్పగలగాలని మనందరి తరపున కోరుకుంటున్నాను.